టికెట్ లేని మన చోట్లు: పెద్దలను బండెక్కించుకుని వెళ్దాం

(యువజన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ రోజు మేము ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదు. ఒక ప్రయాణం గురించి చెప్పడానికి వచ్చాం. సెలవులు రాగానే బండి మాట్లాడుకుని ఎటైనా వెళ్దామని ఇప్పుడు మన ఇళ్లలోనూ అనుకుంటున్నారు. ఉద్యోగాలు వచ్చాయి, కొందరికి సొంత బండ్లు వచ్చాయి. మంచిదే. హైదరాబాద్ పోతున్నారు, జూపార్కు చూస్తున్నారు, ఫిల్మ్ సిటీ చూస్తున్నారు. గేటు గేటుకూ టికెట్, లోపల తిండికి ఇంకో ఖర్చు. నలుగురున్న ఇంటికి ఒక్క రోజులో ఎంత అవుతుందో మీకు మాకంటే బాగా తెలుసు.

మేము చెప్పే దారిలో డీజిల్ ఖర్చే అసలు ఖర్చు. ఇంట్లో చేసిన జొన్న రొట్టెలు, ఇంత పప్పు, తాగడానికి నీళ్లు పెట్టుకుంటే చాలు. రెండు రోజుల్లో తిరిగి రావచ్చు. మనం ఆగే చోట్లలో పెన్‌లున్న చోట్లు, అమరుల చోట్లు, మన రాజుల కోట, మన లిపి దొరికిన ఊరు ఉన్నాయి. ఇవి మనవి.

అయితే ఒక షరతు. బండిలో ముందు సీటు ఇంట్లో అందరికంటే పెద్దవారికి ఇవ్వాలి. తాత ఉంటే తాతకు, అమ్మమ్మ ఉంటే అమ్మమ్మకు. వాళ్లు లేకుంటే గూడెంలో పెద్దవారినెవరినైనా అడిగి తీసుకెళ్లండి. ఎందుకో దారిలో చెప్తాం.

గోదావరి ఒడ్డున మొదలుపెడదాం

మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట మీదుగా బయలుదేరితే దండేపల్లి మండలంలో గుడిరేవు వస్తుంది. గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో కొలువైన చోటు ఇది. దీపావళికి ముందు దండారీ జట్లు ఇక్కడికి వస్తాయి. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలతో, ఒంటి నిండా బూడిదతో, డోలు, పెప్రె, తుడుం మోతల మధ్య కాకోకు మొక్కి తమ పండుగ సాగిస్తారు. ఆ రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. మిగతా రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. పిల్లలకు నది చూపించండి, కానీ నీళ్లలోకి దిగనివ్వకండి. గోదావరి పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, లోతు మాత్రం చెప్పదు.

ఇంకొంచెం ముందుకు పోతే జన్నారం. ఆ మండలంలోని కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు ఉంది. కేస్లాపూర్ నాగోబా పూజకు నీళ్లు వెళ్లేది ఇక్కడి నుంచే. మెస్రం వంశస్థులు చెప్పులు లేకుండా కాలినడకన వచ్చి, ఝారిలో గోదావరి జలం ముంచుకుని, తిరిగి నడిచే కేస్లాపూర్ చేరుకుంటారు. అదే దారిని మనం రెండు మూడు గంటల్లో బండి మీద దాటేస్తాం. ఇక్కడ బండి ఆపి పిల్లలకు ఒక్క మాట చెప్పండి: “మనం కూర్చుని పోయే ఈ దారిని వాళ్లు రోజుల తరబడి నడుస్తారు.” ఇక ఆ దారి పొడుగునా పిల్లల చూపు కిటికీ మీదే ఉంటుంది.

జన్నారం నుంచి ఉట్నూర్ దాకా కవ్వాల్ అడవి. ఇది 2012 నుంచి పులుల అభయారణ్యం. వెలుగు ఉండగానే దాటండి. బండి ఆపి అడవిలోకి పోవద్దు, కోతులకు తిండి వేయొద్దు, పాటలు పెద్దగా పెట్టొద్దు. ఏ చెట్టు పేరేమిటో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో ముందు సీటులో ఉన్న పెద్దవారిని అడగండి. మన పెద్దలకు ఇప్పచెట్టు దూరం నుంచే తెలుస్తుంది. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇంద్రవెల్లి

ఉట్నూర్‌లో గోండు రాజుల కోట ఉంది. గోడలు చాలావరకు పడిపోయాయి, అయినా చూడాలి. మనకూ రాజ్యాలుండేవని, కోటలుండేవని పిల్లలు పుస్తకంలో చదవడం వేరు, ఆ రాళ్ల మీద చెయ్యి వేయడం వేరు.

అక్కడి నుంచి ఆదిలాబాద్ దారిలో పోతే ఇంద్రవెల్లి. రోడ్డు దగ్గరే ఎర్ర స్తూపం కనిపిస్తుంది. 1981 ఏప్రిల్ 20. ఆ రోజు సోమవారం, సంత రోజు. భూముల హక్కు కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. గూడేల నుంచి జనం వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది. మన గూడేలు చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. తర్వాత కట్టిన స్తూపాన్ని ఒకసారి కూల్చేశారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే ఇక్కడ నిషేధాజ్ఞలు ఉండేవి. ఒక పువ్వు పెట్టడానికి కూడా పోలీసుల మధ్య నుంచి రావాల్సి వచ్చేది.

మేము పెట్టిన షరతు ఇక్కడే అర్థమవుతుంది. జోడేఘాట్ పోరు 1940లో జరిగింది. ఆనాడు పదేళ్ల పిల్లలు ఈనాటికి తొంభై దాటి ఉంటారు. కళ్లారా చూసి చెప్పేవారు ఇక దాదాపు లేరు. కుమురం భీం కథను మనం పుస్తకంలో చదువుతున్నాం, సినిమాలో చూస్తున్నాం, పాటలో వింటున్నాం. ఇంద్రవెల్లి సంగతి అలా కాదు. ఆనాడు పదిహేనేళ్లున్నవారికి ఇప్పుడు అరవై దగ్గర. వాళ్లు మన ఇళ్లలో, మన పక్కింట్లో ఉన్నారు. ఆ సంతకు పోయినవారు ఉన్నారు. పోవాల్సి ఉండి ఏదో పని పడి ఆగిపోయినవారు ఉన్నారు. పోయినవాళ్లు తిరిగి రాక ఎదురుచూసినవారు ఉన్నారు. ఇంకో ఇరవై ఏళ్లు గడిస్తే ఇంద్రవెల్లి కూడా పుస్తకంలోనే మిగులుతుంది. ఆ పుస్తకం ఎవరు రాస్తారో, ఎలా రాస్తారో మన చేతుల్లో ఉండదు.

ఇంట్లో అడిగితే పెద్దలు చెప్పరు. “అవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా” అంటారు. స్తూపం దగ్గర నిలబెడితే చెప్తారు, వాళ్ల మాట దానంతట అదే వస్తుంది. అప్పుడు మధ్యలో ప్రశ్నలు వేయకండి. ఫోన్‌లో రికార్డు చేయాలనుకుంటే ముందు అడగండి. వద్దంటే జేబులో పెట్టేయండి. వినడం ముఖ్యం, రికార్డు తర్వాత. స్తూపం మెట్ల మీద కూర్చుని తిండి తినొద్దు, నవ్వుతూ సెల్ఫీలు దిగొద్దు. ఎవరో ఒకరి ఇంటి మనిషి ఆ చోట పడిపోయాడు.

కేస్లాపూర్

ఇంద్రవెల్లి మండలంలోనే, ముత్నూర్ దగ్గర మలుపు తిరిగితే కేస్లాపూర్. పుష్య అమావాస్య జాతరకు మనం ఎలాగూ వెళ్తాం. ఒకసారి జాతర లేని రోజున వెళ్లి చూడండి. అంగళ్లు ఉండవు, రంగులరాట్నం ఉండదు, తోపులాట ఉండదు. నాగోబా గుడి, కోనేరు, మర్రిచెట్లు ఉంటాయి. జాతరప్పుడు ఆ మర్రిచెట్ల కిందే మెస్రం కుటుంబాలు బస చేస్తాయి. 22 కితల వారు ఏ పొయ్యి దగ్గర ఎవరు వండాలో తరతరాలుగా ఒక పద్ధతి ప్రకారం నడుచుకుంటారు. పెళ్లై వచ్చిన కోడళ్లకు నాగోబా ముందు భేటింగ్ జరుగుతుంది. భేటింగ్ అయ్యాకే ఆ కోడలు వంశంలో కలిసినట్టు. ఇవన్నీ ఖాళీగా ఉన్న ఆ చోట నిలబడి పెద్దవారు వేలు చూపిస్తూ చెప్తే బాగా అర్థమవుతాయి.

ఇప్పుడున్న గుడి 2022 డిసెంబర్‌లో తెరుచుకుంది. మెస్రం వంశస్థులు తామే చందాలు వేసుకుని కట్టుకున్నారు. ఉద్యోగి ఇచ్చాడు, రైతు ఇచ్చాడు. లోపలికి పోవడానికి మనం రూపాయి కట్టం. మరి ఉచితంగా వచ్చిందా? ఎవరో కట్టిన చందాతో నిలబడింది. టికెట్ లేని చోట్లన్నీ ఇంతే. ఎవరో ముందే ఖర్చు పెట్టారు. కొందరు డబ్బు పెట్టారు, కొందరు నడక పెట్టారు, కొందరు ప్రాణం పెట్టారు.

రాత్రికి లాడ్జి వెతకొద్దు. ఈ చుట్టుపక్కల మనకు చుట్టాలు లేని ఇల్లు ఉందా? కొంచెం బియ్యం, పిల్లలకు బిస్కెట్లు తీసుకెళ్లి అడగండి. పడుకునే ముందు ఒక్క ప్రశ్న వేయండి: “మనది ఏ సగా?” నాల్వేనా, సీవేనా, సార్వేనా, ఏర్వేనా? ఎవరితో మనకు పెళ్లి సంబంధం కలుస్తుంది, ఎవరు మనకు అన్నదమ్ముల వరుస అవుతారు? ఇది తెలియని పిల్లలు కాలేజీల్లో చాలామంది ఉన్నారు. ఒక్క రాత్రి మాటల్లో తెలిసిపోయే సంగతి ఇది.

గుంజాల, మార్లవాయి

రెండో రోజు నార్నూర్ వైపు మళ్లండి. నార్నూర్ మండలంలో గుంజాల ఉంది. గోండి భాషకు లిపి లేదని మనకు బడిలో చెప్పారు. ఈ ఊళ్లో పర్ధాన్‌ల ఇళ్లలో చేతిరాత ప్రతులు దొరికాయి. అందులో ఉన్నది గోండి, రాసింది గోండికే సొంతమైన లిపిలో. ఊరి పేరు మీద దానిని గుంజాల గోండి లిపి అంటున్నారు. 2018లో దానికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ప్రపంచంలో ఎక్కడి కంప్యూటర్ అయినా, ఫోన్ అయినా ఆ అక్షరాలను గుర్తించే ఏర్పాటు జరిగింది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ చేతుల్లో రోజంతా ఫోన్ ఉంటుంది. ఆ ఊరికి వెళ్లి మీ పేరు మీ లిపిలో రాయడం నేర్చుకుని రండి. పెద్దలకు అక్షరాలు రాకపోవచ్చు, మాట వచ్చు. మీకు అక్షరం వస్తుంది, మాట తడబడుతోంది. ఆ బండిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే రెండూ కలుస్తాయి.

అక్కడి నుంచి జైనూర్ మండలంలోని మార్లవాయి. జోడేఘాట్ పోరు తర్వాత, 1940ల తొలి ఏళ్లలో, ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ గూడెంలో ఉండి మన జీవితాన్ని దగ్గరగా చూశారు. 1943లో ఇక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పే పంతుళ్లను మనవారిలో నుంచే తయారు చేయాలన్న పని అది. కేస్లాపూర్ జాతరలో దర్బార్ పెట్టే ఆనవాయితీ కూడా ఆ కాలంలోనే మొదలైంది. సర్కారు అధికారులు మన దగ్గరికి వచ్చి మన బాధలు వినాలన్నది దాని ఉద్దేశం. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. పక్కనే హైమెన్‌డార్ఫ్ స్మారకం ఉంది. ఎక్కడో పుట్టినవారిని గూడెం తనవారిగా చూసుకుంటోంది.

ఈ ఊరి బిడ్డే గుస్సాడీ గురువు కనక రాజు. గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిపెట్టారు. 2024 అక్టోబర్‌లో, దండారీ రోజులు దగ్గర పడుతుండగా మనల్ని విడిచి వెళ్లారు. ఆయన దగ్గర అడుగు నేర్చుకున్నవారికి ఆ అడుగు మిగిలింది. రేపు పోదాం, వచ్చే ఏడు పోదాం అనుకున్నవారికి ఆయన ఫోటో మిగిలింది. మన ప్రతి గూడెంలో ఇలాంటి పెద్దలున్నారు. వాళ్లకు పద్మశ్రీలు రాలేదు కాబట్టి వాళ్ల పేర్లు పేపర్లో రావు. పాటగాడు, వైద్యం తెలిసిన అవ్వ, కీక్రి వాయిస్తూ వంశాల కథ చెప్పే పర్ధాన్. వాళ్లు పోయాక ఎంత డబ్బు పెట్టినా ఆ కథ దొరకదు.

ఈ చుట్టుపక్కల ఉషేగావ్ వంటి ఊళ్లలో ఓజలు ఇత్తడి బొమ్మలు పోస్తారు. ముందు మట్టితో ఆకారం, దాని మీద మైనపు తీగలతో అల్లిక, మళ్లీ మట్టి పూత. కాల్చితే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని చూడటానికి డబ్బు అడగరు. కానీ చూసి, ఫోటోలు తీసుకుని, ఉట్టి చేతులతో రాకండి. చిన్న గంట అయినా కొనండి. షాపింగ్ మాల్‌లో బేరం ఆడని మనం ఓజ ఇంటి ముందు బేరం ఆడొద్దు.

జోడేఘాట్

చివరగా కెరమెరి మండలంలోని జోడేఘాట్. దారి కొండల మధ్య నుంచి పోతుంది. జల్, జంగల్, జమీన్ కోసం 12 గూడేలను కూడగట్టిన కుమురం భీం, ఆయన సహచరులు 1940లో నిజాం బలగాలతో పోరాడి ఇక్కడే అమరులయ్యారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి జరుపుకుంటాం. స్మారకం, విగ్రహం, 2016లో తెరిచిన మ్యూజియం ఉన్నాయి. మ్యూజియంలో మన ఇళ్లలో వాడే వస్తువులే ఉంటాయి. పిల్లలు “ఇది మన ఇంట్లో ఉంది కదా” అంటారు. అననివ్వండి. మన ఇంట్లో మూలకు పడేసిన వస్తువు మ్యూజియంలో పెట్టే విలువైనదని పిల్లలకు తెలియాలి.

ఆ కొండల్లో ఒకసారి ఆగి 12 గూడేలు ఏవో పెద్దవారిని అడగండి. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి... వాళ్లకు వచ్చినన్ని చెప్పనివ్వండి, మిగతావి మీరు వెతికి చెప్పండి. తిరుగు దారిలో కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ చేరవచ్చు. ఉట్నూర్, ఆసిఫాబాద్ మధ్య ఈ దారిలోనే కెరమెరి ఘాట్ ఉంది. వానలు తగ్గాక, పచ్చటి లోయ కనిపించే రోజుల్లో దాని అందం చూసి తీరాలి. మలుపుల్లో బండి ఆపొద్దు, వెడల్పు ఉన్న చోటే ఆపండి.

ఇంకో రోజు ఉంటే పరందోళి దగ్గర, మహారాష్ట్ర సరిహద్దులో జంగుబాయి గుహ ఉంది. అక్కడికి పోయేటప్పుడు కటోడాను అడిగే పోవాలి. ఏ వంశం వారు ఎప్పుడు పూజ చేయాలో, ఎక్కడి దాకా పోవచ్చో పద్ధతి ఉంది. కడెం నది మీద కుంటాల జలపాతం కూడా మనవారు మొక్కే చోటే. జలపాతాల దగ్గర ఇప్పుడు కొన్నిచోట్ల పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటున్నారు, అది వేరే మాట. వానాకాలంలో బండల మీద నాచు ఉంటుంది. ఎన్నో ఇళ్ల పిల్లలు ఆ నీళ్లలో పోయారు. దూరం నుంచి చూడండి చాలు.

పోయేవారికి కొన్ని మాటలు

ఒకటి. పెన్ ఉన్న చోట ముందు పటేల్‌ను, దేవారీని పలకరించండి. చెప్పులు ఎక్కడ విడవాలో, ఫోటో తీయొచ్చో లేదో వాళ్లే చెప్తారు. దండారీ రోజుల్లో గుస్సాడీలు నియమంలో ఉంటారు. స్నానం చేయరు, మంచం మీద పడుకోరు. వాళ్లను పక్కకు లాగి ఫోటోలు దిగడం మర్యాద కాదు. ఇది మనకు తెలియకపోతే బయటివారికి ఎలా చెప్తాం?

రెండు. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి ఇంటికే తీసుకుపోవాలి. టికెట్ ఉన్న చోట ఊడ్చేవారికి జీతం ఉంటుంది. ఇక్కడ జీతం లేదు, ఊడ్చేది ఆ ఊరి ఆడవాళ్లు.

మూడు. బండిలో ఆ రెండు రోజులు మన మాటే మాట్లాడదాం. గోండి వచ్చినవారు గోండి, కొలామి వచ్చినవారు కొలామి. రానివారు వింటూ ఉండండి, సాయంత్రానికి పది మాటలు వస్తాయి.

నాలుగు. తిరిగి వచ్చాక పెద్దవారు చెప్పిన వాటిలో ఒక్కటైనా కాగితం మీద రాయండి. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ తారీఖున అని కింద రాయండి. చెప్పినవారు సరేనంటే సంఘానికి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం. భాషలో తప్పులుంటే మేము చూసుకుంటాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ దారి ఎక్కడికీ పోదు. కోట ఇంకో వందేళ్లు ఉంటుంది, స్తూపం ఉంటుంది, గోదావరి ఉంటుంది. ముందు సీటులో కూర్చోవాల్సిన మనిషి మాత్రం అన్నాళ్లు ఉండరు. వచ్చే దసరా సెలవుల దాకా ఆగకండి. ఈ నెలలోనే ఒక శనివారం, ఒక ఆదివారం చూసుకోండి. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులుంటే మధ్యలో రెండుసార్లు ఎక్కువ ఆగండి. బండి లేనివారు నలుగురు కలిసి ఒక జీపు మాట్లాడుకోండి. అదీ కుదరకపోతే మాకు చెప్పండి, కలిపి పంపే ఏర్పాటు చేస్తాం.



జై జంగో, జై లింగో. జై కుమురం భీం.